ఉత్తర ద్వారం గడియ

పొరుగు రాజ్యం యుద్ధంలో తగలబడుతోంది. అక్కణ్ణించి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన జనం చిత్తవరం కోట దక్షిణ ద్వారం బయట నిన్నటి నుంచి ఎండలో పడి ఉన్నారు. రాజు ఎటూ తేల్చుకోలేకపోతున్నాడు.

“జాలిపడితే మన కొంప మునుగుతుంది ప్రభూ. యుద్ధం మన దాకా రాదు. తలుపు బిగిస్తే వాళ్ళే పోతారు,” అన్నాడు గుండన మంత్రి. రాజు కాదనలేకపోయాడు.

ద్వారానికి గడియ బిగించి తాళం వేసే పని కమ్మరి పాపోజు మీద పడింది. అవతల పసిపిల్లల ఏడుపు వింటూనే బిగించాడు. తిరిగి వస్తుంటే మంత్రిగారింటి ముందు బండ్లకు ఎడ్లను కట్టడం కనిపించింది. పాపోజు కాసేపు నిలబడి చూసి, నేరుగా ఉత్తర ద్వారానికి వెళ్ళి దానికీ తాళం వేశాడు.

మధ్యాహ్నానికి మంత్రి అతన్ని సభకు ఈడ్పించాడు.

“ఉత్తర ద్వారం మూయమని నీకెవడు చెప్పాడురా? మా ఇంటివాళ్ళ బండ్లు అక్కడే ఆగిపోయాయి.”

రాజు తలెత్తాడు. “ఎక్కడికి వెళ్తున్నారు?”

మంత్రి తడబడ్డాడు. “ఉత్తర రాజ్యానికి ప్రభూ. ఈ గొడవ సద్దుమణిగే దాకా.”

“దక్షిణం వాకిట్లో ఉన్నవాళ్ళూ గొడవ సద్దుమణిగే దాకానే వచ్చారు దొరా,” అన్నాడు పాపోజు. “ఉత్తరం రాజుగారికీ మీలాంటి మంత్రే ఉంటాడు కదా. అంత దూరం పోయి మూసిన తలుపు ముందు కూర్చోవడమెందుకని, ఆ తాళమేదో నేనే ఇక్కడ వేశాను.”

రాజు పాపోజు వైపు తిరిగాడు.

“దక్షిణం తెరువు,” అన్నాడు రాజు చివరికి.

“మరి ఉత్తరం, ప్రభూ?” అని అడిగాడు పాపోజు.

రాజు మంత్రి వైపు చూశాడు. “అది అలాగే ఉండనీ. వచ్చినవాళ్ళకు గంజి పోయడానికి మంత్రిగారింట్లో మనుషులు కావాలి.”