పోలమ్మ పొయ్యిలో నిప్పు

లింగమూర్తిగారి దగ్గరికి ఎవరైనా ప్రశ్నతో వస్తే, ఆయన దాన్ని మూడుసార్లు అడిగించుకునేవారు. మూడోసారికి చాలామంది ప్రశ్న మారిపోయేది. కామేశం ప్రశ్న మాత్రం మారలేదు.

"పెట్టుకున్న నియమాన్ని ఎప్పుడు వదిలెయ్యవచ్చు, గురువుగారూ?"

కామేశానికి యాభై దాటాయి. ఇరవై ఏళ్ళుగా రోజూ సాయంత్రం రెండు గంటలు పారాయణ చేస్తున్నాడు. ఆ ఏడు భార్య మంచం పట్టింది. పారాయణకు కూర్చుంటే ఆమె మూలుగు వినిపిస్తోంది. లేచి వెళితే చదవని పుటలు కళ్ళముందు ఆడుతున్నాయి. ఎక్కడున్నా రెండోచోట ఉండవలసిందనిపిస్తోందని చెప్పుకున్నాడు. ఆ రోజు మేం నలుగురం అక్కడే ఉన్నాం. గురువుగారు తన తొలి ఉద్యోగంలో జరిగిన ఒక సంగతి చెప్పారు.

అప్పుడాయన పనసగరువులో బడిపంతులు. అది కొండల మీది ఊరు. నడివేసవిలో కూడా తెల్లవారుజామున కంబళి కప్పుకునే చోటు. ఇళ్ళన్నీ చలిని తట్టుకోవడానికి కట్టినవే. మందపాటి మట్టిగోడలు, చేతికందే కప్పు, ఒక్కటే వాకిలి, నడింట్లో పొయ్యి. కిటికీ అన్న మాటే లేదు. బడి పక్క ఇల్లు పోలమ్మది. ఆమె పొయ్యిలో నిప్పు నలభై ఏళ్ళుగా ఆరలేదు. రాత్రి బూడిద కప్పి, పొద్దున్నే ఊది రాజేసేది. కొడుకు గంగులు నెలలు నిండకుండా పుట్టినప్పుడు, ఎముకలు కొరికే చలిలో, ఆ సెగ దగ్గరే పడుకోబెట్టి వాణ్ణి దక్కించుకుంది. అందుకని ఆ నిప్పు మీద మరొకరి చెయ్యి పడనిచ్చేది కాదు.

ఆ ఏడు వైశాఖంలో కొండమీద ఎండలు ముదిరాయి. అలాంటివి అక్కడ ఎవరూ ఎరగరు. ఊట సన్నబడి బిందె నిండడానికి గంట పట్టేది. ఏం చెయ్యాలో ఎవరికీ పాలుపోలేదు. కొందరు జ్వరానికి తాగినట్టు వేడివేడి అల్లం కషాయం తాగారు. ముసలివాళ్ళు ఎండ తగలకూడదని కంబళ్ళు కప్పుకున్నారు. గాలి రావాలని మిట్టమధ్యాహ్నం తలుపులు బార్లా తెరిచి కూర్చుంటే, వడగాలి తిన్నగా ఇళ్ళలోకి వచ్చింది.

"తలుపులు తీసి ఉంచమని చెప్పింది నేనే. గాలీ వెలుతురూ మంచివని పాఠం చెప్పేవాణ్ణి కదా," అన్నారు గురువుగారు, నవ్వకుండా.

ఊళ్ళో ఎండ సంగతి తెలిసినది పోలమ్మ కోడలు సన్యాసమ్మ ఒక్కతే. మైదానం నుంచి వచ్చిన పిల్ల. కాపురానికొచ్చిన మొదటి చలికాలం ఆమె వణుకు చూసి ఊరంతా నవ్వింది. ఇప్పుడామె పగటిపూట తలుపులు ముయ్యమంటే, "గాలాడకుండా సంపుతావేటే?" అని కసిరింది పోలమ్మ.

అయిదోరోజు మధ్యాహ్నం గంగులు పొలంలో పడిపోయాడు. నలుగురు మోసుకొచ్చారు. ఒళ్ళు పెనంలా కాలుతోంది. చెమట చుక్క లేదు. ఏవేవో మాట్లాడుతున్నాడు. సన్యాసమ్మ అతన్ని లోపల పడుకోబెట్టించి, తలుపు మూసి, పాతచీర తడిపి కప్పి విసరసాగింది. మూసిన ఇంట్లో పొయ్యి సెగ. తీస్తే వడగాలి. బడికి తీసుకుపోదామంటే దానిది రేకుల కప్పు.

"అత్తా, నిప్పు ఆర్పేద్దాం," అంది సన్యాసమ్మ.

"ఈ నిప్పే ఆణ్ణి బతికించిందే. దీన్నార్పి ఆణ్ణెలాగ బతికిత్తావు?"

గురువుగారు ఆ ఇద్దరి మధ్యా నిలబడి ఉన్నారు. అత్త మాటా నిజమే అనిపించింది, కోడలి మాటా నిజమే అనిపించింది.

చివరికి పోలమ్మే లేచింది. నిప్పులు మూకుడులోకి ఎత్తుకుని, బయట చూరు కింద కూర్చుంది. వడగాలికి బూడిద లేచిపోకుండా వాటి మీదికి ఒంగి, రెండు చేతులూ అడ్డం పెట్టింది. "నేను చూస్తానమ్మా, మీరు లోపలికి వెళ్ళండి," అని గురువుగారు బతిమాలారు. ఆమె తల ఎత్తలేదు. ఆయన గంగులుకి విసరడానికి లోపలికి వెళ్ళారు.

లోపల సెగ తగ్గింది. కాసేపటికి గంగులు పలవరింత ఆగింది. సన్యాసమ్మ తలుపు ఓరగా తీసి చూసేసరికి, అత్త మొహం కందగడ్డలా ఉంది, పెదవులు పగిలాయి, పిలిస్తే పలకడం లేదు. చేతులు మాత్రం మూకుడు చుట్టూ అలాగే ఉన్నాయి. సన్యాసమ్మ లోపలికి పరుగెత్తి, బిందె ఎత్తుకొచ్చి, అత్త నెత్తిన కుమ్మరించింది. ఒక్కసారిగా ఆవిరి లేచింది. పోలమ్మ ఊపిరి గట్టిగా పీల్చుకుని కళ్ళు తెరిచింది. ఎదురుగా నల్లటి బొగ్గులున్నాయి.

ఇద్దరూ బతికారు. ఊరంతా పగలు తలుపులు మూసుకోవడం నేర్చుకుంది. పదిరోజులకు వాన పడింది. సన్యాసమ్మ అగ్గిపుల్ల గీసి పొయ్యి ముట్టించింది. పోలమ్మ ఆ అన్నం తిన్నది కానీ, పొయ్యి వైపు పోలేదు. కోడలితో మాట్లాడనూ లేదు. మార్గశిరంలో చలి దిగాక ఒకనాడు వచ్చి, ఆ మంట ముందు చేతులు చాపి కూర్చుంది.

"ఆ దినం నీళ్ళు నా మీద పోసేవా, నిప్పు మీద పోసేవా?"

"నాకూ తెలవదత్తా," అంది సన్యాసమ్మ. ఏడ్చింది. పోలమ్మ ఊదుగొట్టం కోడలి చేతిలో పెట్టింది.

గురువుగారు అంతటితో ఆపారు. కామేశం మావైపు చూశాడు.

"ఇంతకీ ఆ కోడలు చేసింది ఒప్పేనా, గురువుగారూ? ఇందాకటికన్నా ఇప్పుడు నాకు ఎక్కువ అయోమయంగా ఉంది," అన్నాడు.

"ఉంటుంది, నాయనా," అన్నారు లింగమూర్తిగారు. "ఆ బిందెలో నీళ్ళు మొగుడి కోసం దాచినవి. ఇంట్లో అవే ఆఖరివి. పొయ్యవచ్చా అని ఆ పిల్ల ఎవరినీ అడగలేదు."