వాకిలి పైకి తిప్పిన గిజిగాళ్ళు

అనగనగా, మనుషులకంటే పిట్టలే ఎక్కువగా ఉన్న కాలంలో, ఒక వాగు ఒడ్డున తుమ్మచెట్టు ఉండేది. దాని నిండా గిజిగాళ్ళ గూళ్ళే. గడ్డిపోచలతో అల్లి, కొమ్మ చివర వేలాడదీసి, వాకిలి మాత్రం కిందికి పెట్టేవాళ్ళు. పాము పాకివస్తే జారి వాగులో పడాల్సిందే. పైనుంచి డేగ ఎంత చూసినా లోపలి పిల్లలు కనబడరు.

ఒక ఏడు వాన మొహం చాటేసింది. జొన్నచేలు ఎండిపోయాయి. ఆ వెనకే సుడిగాలి లేచి సగం గూళ్ళు ఊడ్చుకుపోయింది.

సింగారి అనే తల్లిపిట్ట, పిల్లల ఏడుపు వినలేక, గిజిగాళ్ళ పెద్ద ముత్తెయ్య దగ్గరికి పోయింది.

"మామా, పిల్లలు నీరసించిపోతున్నారు. వాగవతల చేలున్నాయట, దారి చూపించవూ?"

"చూద్దాంలేవే" అన్నాడు ముత్తెయ్య. పైకొమ్మ మీద ఎవరెక్కడ కూర్చోవాలా అని పెద్దలంతా వాదులాడుకుంటున్నారు. అది తేలేదీ కాదు, పాడూ కాదు.

ఏం చెప్పమంటారు నాయనా! ఈ కథ ఇక్కడికొచ్చేసరికి ప్రతిసారీ నాకు నీరసం వస్తుంది.

అప్పుడొచ్చి వాలాడు డేగదొర. సింగారిని చూసి, "ఏమ్మా, ఏమన్నా తిన్నావా?" అన్నాడు. అంతమందిలో ఆ మాట అడిగినవాడు లేడు. సింగారి భోరుమంది.

"మీ గింజలు ఎవరు తింటున్నారనుకున్నారు? ఆ పిచ్చుకలే!" అన్నాడు దొర. పోయినేడు వలస వచ్చి, వీళ్ళతోపాటే పస్తులుంటున్న పిచ్చుకలవి. అందరూ కలిసి పొడిచి తరిమేశారు. సింగారీ పొడిచింది. ఆకలి తీరలేదు గానీ కసి తీరింది.

కొన్నాళ్ళకు, "మీ పెద్దల వాగుడే మీ కొంప ముంచింది. ఇక ఎవరూ నోరెత్తకండి" అన్నాడు దొర. హమ్మయ్య, గోల తగ్గిందని అందరూ సంబరపడ్డారు. ముత్తెయ్య ఆకుల చాటున నక్కాడు.

మూడోసారి, "పాములొస్తున్నాయి. వాకిళ్ళు కిందికుంటే మీ పిల్లల్ని నేనెలా చూసుకోను? పైకి తిప్పండి" అన్నాడు.

గిజిగాళ్ళు పోటీలు పడి తిప్పారు. సింగారి మొగుడు నరిగాడూ ముక్కున గడ్డిపోచతో వచ్చాడు.

"ఇదేం పనయ్యా? పైనుంచి ఎవడైనా తన్నుకుపోతే?" అంది సింగారి.

"మెల్లగా! ఎవరన్నా వింటారు" అన్నాడు నరిగాడు, వణుకుతూ.

కాపాడేవాణ్ణి చూసి ఈ వణుకేమిటి? అనుకుంది సింగారి. వాకిలికి అడ్డం పడి గూడు తిప్పనివ్వలేదు. "ద్రోహీ!" అని ఇరుగుపొరుగువాళ్ళు ఆమె ఈకలు పీకారు. నెత్తురు కారుతున్నా కదల్లేదు.

తెల్లారింది. డేగదొర గూడు గూడుకీ వాలి, బుట్టలో పళ్ళు ఏరుకున్నట్టు పిల్లల్ని ఏరుకున్నాడు. సింగారి గూటి చుట్టూ తిరిగాడు, దారి దొరకలేదు.

"చూస్తారేంటర్రా, పొడవండి!" అని అరిచింది సింగారి. గిజిగాళ్ళంతా ఒక్కసారిగా లేచి మీదపడ్డారు. దొర పారిపోయాడు. అంత తేలిక పని అది! ముందే ఎందుకు చెయ్యలేదో అడక్కండి.

ముత్తెయ్య ఆకుల చాటునుంచి బయటికొచ్చి, "ఎంత బుద్ధిలేనివాళ్ళే మీరు! డేగను నమ్ముతారా?" అన్నాడు.

"నమ్మాం మామా, తప్పే. ఏ పాపమూ ఎరగని పిచ్చుకల్నీ పొడిచాను. కానీ నా పిల్లలు ఏడ్చిన రోజున నువ్వు కన్నెత్తి చూడలేదు. వాడు చూశాడు" అంది సింగారి.

ముత్తెయ్య ఆ పూటే లేచి వాగవతలికి దారి తీశాడు. తీశాడు గానీ, వెంట ఎగరడానికి ఆ చెట్టున సింగారి పిల్లలు తప్ప ఇంకెవరి పిల్లలూ మిగల్లేదు.

కష్టంలో ఉన్నవాళ్ళను మంచివాళ్ళు పట్టించుకోకపోతే, వాళ్ళు తమను పలకరించిన దుర్మార్గుడికే పట్టం కడతారు.