వెల్లకిలా పడుకున్న సాలమ్మ

మధ్యాహ్నం దాటింది. ఎండ కాస్తోంది, గాలి లేదు. సాలమ్మ వెల్లకిలా పడి ఉంది.

ఎనిమిది కాళ్ళూ పైకే. పిలిచాను. పలకలేదు. పక్కన నేల మీద ముక్కుతో కొట్టాను. కదల్లేదు. మా కోళ్ళలో వెల్లకిలా పడితే దానికి ఒకటే అర్థం.

సాలమ్మ నేలసాలీడు. ఒళ్ళంతా బొచ్చు, నా పాదమంత ఉంటుంది. జీడితోట గట్టులో కన్నం తవ్వుకుని బతికేది. రెండు వారాల కిందట ముసురు పట్టి కన్నంలోకి నీళ్ళొచ్చాయి. అదే కన్నంలో కాపురముండే కప్పయ్యని వెంటబెట్టుకుని మా రాళ్ళ గూటికి వచ్చింది.

"వదినా, నేల ఆరేదాకా ఓ మూల ఇస్తావా?"

"ఇస్తాను గానీ, నిన్ను చూస్తే నా పిల్లలకి నోరూరుతోంది."

"నీ పిల్లల్ని చూస్తే నాకేమనిపిస్తోందో నేను చెప్పానా?"

ఇద్దరం నవ్వుకున్నాం.

దానికి కావలసింది తక్కువే. జానెడు పొడిమట్టి, దాక్కోడానికి ఓ కుండపెంకు, చిప్పలో కాసిని నీళ్ళు, వారానికో మిడత. చెప్పింది. నేను విన్నానా? పిల్లల తల్లిని. నేల చల్లగా ఉందని దాన్ని పై కర్ర ఎక్కించబోయాను. "పడితే పొట్ట పగిలి చస్తాను, దించు వదినా" అని ఏడ్చింది. చల్లగా ఉంటుందని మట్టి తడిపాను. ఒక మాటకీ ఇంకో మాటకీ పొంతన లేదు, తెలుసు. రోజుకి నాలుగు మిడతలు తెచ్చి ముందు పడేశాను. ముట్టలేదు. పది రోజులు పస్తు. నలుపు పోయి మట్టిరంగుకి తిరిగింది. ఇవాళ ఇలా.

నేనే చంపానా?

గూటి కంతలో నక్క మూతి కనిపించింది. కంత మా కోళ్ళు దూరేంతే, దానికి మూతి తప్ప పట్టదు.

"ఏడుపు వినిపించి వచ్చా చెల్లెమ్మా. ఎవరు?"

"సాలమ్మ."

"అయ్యయ్యో! పిల్లలు మేత తిన్నారా?"

"ఇప్పుడే."

"ఎంత పని చేశావు! శవాన్ని ఇంట్లో పెట్టుకుని గింజ ముట్టొచ్చా? పొద్దు వాలకముందే సాగనంపాలి. వాగు ఒడ్డున గుంట నేను తవ్వుతా. నువ్వు పిల్లలందర్నీ తీసుకురా. తలా ఇంత మన్ను వెయ్యాలి. ఒక్కరు తగ్గినా సాలమ్మ ఈ గూడు వదలదు."

నక్క మాట ఎలా నమ్మావని అడక్కండి. చావింట్లో మొదట వచ్చి మాట్లాడినవాళ్ళే పెద్ద దిక్కులా కనిపిస్తారు.

కప్పయ్య పెంకు చాటునుంచి దూకాడు. "ఎత్తకు కోడమ్మా! కదపకు! చావలేదు, తోలు మారుస్తోంది."

"తోలు మార్చేది పాము కదా?"

"ఇదీ మారుస్తుంది. నాలుగేళ్ళ కాపురం, నాకు తెలీదా?"

"పాపం, దగ్గరివాడు," అంది నక్క. "దుఃఖంలో మతి చెడింది."

ఒకరు చావంటారు, ఒకరు కాదంటారు. కళ్ళ ముందు కాళ్ళు పైకే ఉన్నాయి. సాలమ్మని ఓ ఎండుటాకు మీదికి జరిపి, తొడిమ ముక్కున పట్టి లాక్కుంటూ బయల్దేరాను. వెనక పిల్లలు. పక్కన కప్పయ్య గెంతుతూ, "మెల్లగా! మెల్లగా!" అని.

గుంట చూశాను. సాలమ్మకి నా రెక్కంత చాలు. ఇది మేకపిల్ల పట్టేంత ఉంది.

"ఇంత పెద్దదెందుకన్నయ్యా?"

"కాళ్ళెక్కువ కదమ్మా."

సరేననిపించింది.

"పిల్లల్ని దింపు. అడుగు చదును చెయ్యాలి."

దింపాను. అంచులు నిలువుగా ఉన్నాయి. పిల్లలు మళ్ళీ ఎక్కలేవని దింపాక తెలిసింది. నక్క మూతినుంచి చొంగ కారుతోంది.

"అదేమిటన్నయ్యా?"

"కన్నీళ్ళు," అంది, పిల్లల్నే చూస్తూ.

అంతలో ఆకు మీద చిటుక్కుమంది. సాలమ్మ వీపు పగిలింది. లోపలినుంచి ఒక కాలు, ఇంకో కాలు, తడిగా, నల్లగా. చాలాసేపు పట్టింది. నక్క కూడా నోరు తెరుచుకుని చూసింది. ఆఖరికి కొత్త సాలమ్మ పక్కకి జారింది. పాత సాలమ్మ అక్కడే ఉంది.

"అమ్మా, అత్తలు ఇద్దరయ్యారు!" అని అరిచింది ఒక పిల్ల.

నక్క నావైపు తిరిగింది. "వీటిలో శవం ఏది?"

"నన్నడిగితే?"

"ఏదైతే నాకేం!" అని గుంటలోకి వంగింది.

ఏం చెయ్యాలో తోచలేదు. తోచనప్పుడు కోడి చేసే పని ఒకటే. వెనక్కి తిరిగి, కళ్ళు మూసుకుని, రెండు కాళ్ళతో గీకాను. మన్నుతోపాటు పాత తోలు ఎగిరి నక్క మొహాన పడింది. ఆ తోలు పొట్ట మీది సన్నబొచ్చు ముళ్ళకంటే పాడుది. కళ్ళల్లో, ముక్కులో, నాలిక మీద గుచ్చుకుంది.

నక్క తుమ్మింది. దొర్లింది. "శవం కరిచింది! చచ్చినది లేచి నన్ను కరిచింది!" అని అరుచుకుంటూ వెళ్ళి వాగులో పడింది. అవతలి ఒడ్డు ఎక్కినా తుమ్ములు ఆగలేదు.

నేను గీకుతూనే ఉన్నాను. గుంట అంచు కూలి దారి పడిందని కప్పయ్య చెప్పేదాకా.

"బతికున్నానని ఒక్క మాట చెప్పకూడదటే?" అన్నాను సాలమ్మతో.

"నోరు కూడా తోలు మారుస్తుంది వదినా, ఎలా చెప్పను? ఇప్పుడు తాకకు, ఒళ్ళంతా వెన్నలా ఉంది. కోరలు గట్టిపడేదాకా తిండి వద్దు. గూట్లో ఉన్న ఆ మిడతల్ని తీసెయ్, ఇప్పుడైతే అవే నన్ను కొరుక్కు తింటాయి."

ఈసారి విన్నాను.

ఎవరినైనా ఇంట్లో పెట్టుకుంటే, వాళ్ళకేం కావాలో మన ఒంటిని కాదు, వాళ్ళని అడగాలి.

పొద్దు వాలింది. గూటి కంత దగ్గర నిలబడి లెక్కపెట్టాను. నల్ల పిల్ల వచ్చింది. మచ్చలది వచ్చింది. బోసిమెడది వచ్చింది. బూడిదరంగుది, కుంటుతూ, వచ్చింది. కప్పయ్య వచ్చాడు. నేను మెల్లగా లాగిన ఆకు మీద సాలమ్మ వచ్చింది, ఒక్కతే.