వెసులుబాటు సున్నా

సుమేధ్ దగ్గర మొదట్లో ఉన్నవి పంతొమ్మిది వేలు. అందులో పద్నాలుగు పెట్టి గుంటూరులో ఒక పాత ల్యాప్‌టాప్ కొన్నాడు. మిగిలిన అయిదు వేలు ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ నేర్పే కోచింగ్ సెంటరు ఫీజులో సగానికి కూడా రావు. కాబట్టి నేర్పేవాళ్ళు లేకుండానే నేర్చుకోవాలి.

నేర్చుకున్నాడు. ఫోన్‌లో వీడియో ఆపుతూ, మళ్ళీ నడుపుతూ, పక్కన ల్యాప్‌టాప్‌లో చేసి చూస్తూ పట్టుకున్నాడు. పని పేరు, ఎన్ని రోజులు పడుతుంది, దానికంటే ముందు ఏ పని అవ్వాలి, ఎవరు చెయ్యాలి. ఇవి రాసిస్తే చాలు, తెర మీద అడ్డగీతలు వాటంతటవే పేర్చుకునేవి. ఒక గీతను జరిపితే దాని వెనకున్నవన్నీ బుద్ధిగా జరిగేవి. లెక్కల్లో చురుకైనవాడేమో, అతనికది చదువులా కాక ఆటలా ఉండేది. నెల తిరిగేసరికి పక్కింటివాళ్ళ పెళ్ళి పనులు కూడా గీతలుగానే కనిపించసాగాయి.

అయితే నేర్చిన విద్యకి పని ఇచ్చేవాళ్ళు దొరకలేదు. ఏ బిల్డరు దగ్గరికి వెళ్ళినా, ఇంతకుముందు ఏం కట్టించావని అడిగారు. ఏమీ కట్టించలేదు.

ఆ గోడు చెప్పుకోవడానికే ఒక ఆదివారం భంతే దగ్గరికి వెళ్ళాడు.

భంతే ఉపసేన సత్తెనపల్లి అవతల, ఒక గుట్ట కింద చిన్న బౌద్ధ విహారంలో ఉండే భిక్షువు. భిక్షువుల కాషాయ చీవరం కట్టకముందు ఆర్టీసీలో కండక్టరు. సుమేధ్ రెండేళ్ళుగా ఆయన దగ్గర ధ్యానం నేర్చుకుంటున్నాడు.

ఆ రోజు విహారంలో వేరే దిగులు నడుస్తోంది. భిక్షువులు ఆషాఢ పున్నమి మర్నాటి నుంచి మూడు నెలలు ఊళ్ళు తిరగకుండా ఒకేచోట ఉండిపోవాలి. దాన్నే వర్షావాసం అంటారు. ఉన్న రేకుల విహారం గాలివానకి కూలిపోయింది. భంతే, ఆయన వెంట ఉండే ఇద్దరు కుర్ర భిక్షువులు అప్పటికి విహారాన్ని పోషించే ఉపాసకుల ఇళ్ళలో సర్దుకుంటున్నారు. విహారం స్థానంలో కొత్త హాలు మొదలుపెట్టారు కానీ, స్లాబు పడ్డాక పని మందగించింది. పున్నమి లోపల అది పూర్తికాకపోతే భంతే నాగపూరు వైపు ఏదో విహారానికి వెళ్ళి తలదాచుకోవాలి. ఆయన మోకాళ్ళు చూస్తే ఇక్కణ్ణుంచి రోడ్డు దాకా నడవడమే కష్టంగా ఉంది.

సుమేధ్ తన గోడు మర్చిపోయాడు. ఆ హాలు పూర్తి చేయించే బాధ్యత తనకివ్వమన్నాడు.

"నీకు తాపీ పని వచ్చా?" అన్నారు భంతే.

"రాదు భంతే. ఎవరు ఎప్పుడు ఏం చెయ్యాలో చెప్పడం వచ్చు."

భంతే నవ్వారు. "నా పాత ఉద్యోగమే," అన్నారు.

ఆ వారమే పని అందుకున్నాడు. ప్లాస్టరింగు, నాపరాళ్ళ పరుపు, కరెంటు, తలుపులు, సున్నం, అన్నీ తెర మీదికి ఎక్కాయి. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక గడి ఉంటుంది. ఒక పని ఎన్ని రోజులు ఆలస్యమైనా మిగతావాటికి ఇబ్బంది రాదో అది చెబుతుంది. సుమేధ్ దానికి వెసులుబాటు అని పేరు పెట్టుకున్నాడు. ఆ గడిలో అంకె కనబడితే అతనికి ఎక్కడో రోజులు కారిపోతున్నట్టు ఉండేది. ఒక్కొక్కటే బిగిస్తూ వచ్చాడు. చివరికి ఆ వరస పొడుగునా సున్నాలు నిలబడ్డాయి. గీతలన్నీ ఎర్రబడ్డాయి. ఏ ఒక్కటి జారినా అన్నీ జారతాయని ఆ ఎరుపుకి అర్థం. ఆఖరి గీత మాత్రం పున్నమికి ముందురోజు కచ్చితంగా ఆగింది.

ఆ గీతల్లో సగం మేస్త్రీ జీవరత్నానివి.

జీవరత్నానిది వినుకొండ దగ్గర పల్లె. పని జరిగినన్నాళ్ళూ హాలు పక్కన సిమెంటు బస్తాలు పెట్టే రేకుల షెడ్డులోనే పడుకునేవాడు. నోటినిండా వేళాకోళం. మొదటిరోజు ల్యాప్‌టాప్‌లోకి వంగి చూసి, "ఏంది బాబూ, నా పేరు పక్కన అంత ఎరుపు పూశావు? పోలీసోళ్ళు వెతికే మనిషినా నేను?" అన్నాడు. సుమేధ్ అతన్ని బాబాయ్ అని పిలిచేవాడు. నువ్వు ఆగితే అన్నీ ఆగుతాయి బాబాయ్, అందుకే ఎరుపు అని చెప్పాడు. జీవరత్నం ఆ మాటకి చాలా సంబరపడ్డాడు. మధ్యాహ్నం అన్నాల దగ్గర కూలీలందరికీ అదే చెప్పుకున్నాడు.

పైకప్పుకి ప్లాస్టరింగు మొదలైన వారంలో అతని తల్లికి జబ్బు చేసింది. భంతే ఊళ్ళో లేరు, ఒంగోలులో ధర్మప్రసంగాలకి వెళ్ళారు. జీవరత్నం తాపీ చేత్తోనే పట్టుకుని సుమేధ్ దగ్గరికి వచ్చి, నాలుగు రోజులు వెళ్ళొస్తానన్నాడు. ముసల్ది అన్నం మానేసిందట, తన పేరే కలవరిస్తోందట.

సుమేధ్ కాదనలేదు. ల్యాప్‌టాప్ తెరిచి ఆ నాలుగు రోజులూ పెట్టి చూపించాడు. పైకప్పు గీత జరిగింది. దాని వెనక సున్నం జరిగింది, కరెంటు జరిగింది, తలుపులు జరిగాయి. ఆఖరి గీత పున్నమిని దాటి అవతల పడింది.

"నువ్వే చూడు బాబాయ్. భంతే ఎక్కడికి పోతారు చెప్పు? పైకప్పు అయిపోనీ. తర్వాత వారం రోజులు వెళ్ళు, నేనే బస్సెక్కిస్తా."

జీవరత్నం తెర వంక చాలాసేపు చూశాడు. అతనికి ఆ గీతలు చదవడం రాదు. కానీ ఆఖరిది గడప దాటిందని తెలిసింది. "సరేలే బాబూ. అమ్మకి చెబుతా ఆగమని," అన్నాడు. అది కూడా వేళాకోళంగానే అన్నాడు.

ఆమె ఆగలేదు. అయిదో రోజు పొద్దున షెడ్డులో ఫోన్ మోగింది. జీవరత్నం చేతులు కూడా సరిగ్గా కడుక్కోకుండా రోడ్డు మీదికి పరిగెత్తాడు.

సుమేధ్ నిజంగానే బాధపడ్డాడు. బాధపడుతూనే ల్యాప్‌టాప్ తెరిచాడు. పైకప్పు పని వెనక్కి నెట్టి, వరండాలో నాపరాళ్ళు ముందుకి తెచ్చాడు. సత్తెనపల్లి నుంచి ఇద్దరు తాపీ వాళ్ళని పిలిపించి గోడలకి పెట్టాడు. కరెంటు పనిని రెండు ముక్కలు చేసి మధ్యలో ఇరికించాడు. ఆఖరి గీత వణికి, ముందున్న చోటే నిలబడింది.

నాలుగో రోజు జీవరత్నం తిరిగివచ్చాడు. సుమేధ్ ఎదురువెళ్ళి రెండు మాటలు చెప్పబోయాడు.

"రెండు రోజులు గుమ్మం వంకే చూసిందంట," అన్నాడు జీవరత్నం. అని, పైకప్పు కింద కర్రలతో కట్టిన సారవ ఎక్కి పని మొదలుపెట్టాడు. ఆ తర్వాత అతను వేళాకోళమాడగా ఎవరూ వినలేదు. సుమేధ్‌ని సార్ అని పిలిచాడు.

భంతే వచ్చాక సుమేధ్ అన్నీ చెప్పాడు. మధ్యలో మేస్త్రీ తల్లి పోయిందనీ, అయినా తేదీ కదలలేదనీ చెప్పాడు. చెబుతున్నప్పుడు గొంతులో కాస్త గర్వం ఉందని అతనికే తెలిసింది. భంతే విన్నారు.

హాలు అనుకున్న రోజుకి పూర్తయింది. ఆఖరి నాపరాయి అరగదీసి, జీవరత్నం సామాను సంచిలో వేసుకున్నాడు. విందుకి ఆగమంటే ఆగలేదు.

పున్నమి మర్నాడు ఉపాసకులంతా వచ్చారు. గుమ్మానికి పూలు కట్టారు. పేరున్న బిల్డరొకాయన కూడా వచ్చి, ఈ హాలు ఇంత తొందరగా ఎవరు చేయించారని అడిగి, సుమేధ్ ఫోన్ నంబరు తీసుకున్నాడు. అందరూ తలుపు దగ్గర నిలబడి భంతే కోసం చూస్తున్నారు.

భంతే చంకలో చాపతో వచ్చారు. కుర్ర భిక్షువులిద్దరినీ హాల్లోకి వెళ్ళమన్నారు. తాను మాత్రం గుమ్మం ముందునుంచి నడిచి, మోకాళ్ళు పట్టుకుని ఆగి, మళ్ళీ నడిచి సిమెంటు షెడ్డులోకి వెళ్ళారు. చీపురు అడిగి తీసుకుని నేల ఊడ్చారు. చాప పరిచారు.

ఉపాసకులు నొచ్చుకున్నారు. మీకోసమే కదా కట్టించాం అన్నారు. తలుపుంది, కప్పుంది, వర్షావాసానికి అంతకంటే అక్కర్లేదన్నారు భంతే. ఆయనతో వాదించే అలవాటు అక్కడ ఎవరికీ లేదు. కాసేపు నిలబడి, ఒక్కొక్కరే భోజనాలకి వెళ్ళిపోయారు.

సుమేధ్ వెళ్ళలేదు. వాన మొదలైంది. రేకుల మీద చప్పుడుకి మాట సరిగ్గా వినబడడం లేదు. ఒక మూల నీళ్ళు కారుతున్నాయి.

"భంతే, లోపలికి రండి. నేనేం తప్పు చేశానో చెప్పండి."

"నీ పెట్టె తెచ్చావా?" అన్నారు భంతే.

ల్యాప్‌టాప్ సంచిలోనే ఉంది. మిగిలిపోయిన రెండు సిమెంటు బస్తాల మీద పెట్టి తెరిచాడు.

"రత్నం వెళ్ళేముందు నా దగ్గరికొచ్చి దణ్ణం పెట్టి వెళ్ళాడు. నీ గురించి ఏమీ అనలేదు. వాళ్ళమ్మ గురించే చెప్పాడు. అతను ఆమె మట్టికి వెళ్ళినప్పుడు పని ఆగకుండా ఎలా చేశావో చూపించు."

సుమేధ్ చూపించాడు. ఏది వెనక్కి నెట్టాడో, ఏది ముందుకి తెచ్చాడో, ఎవరిని పిలిపించాడో చెప్పాడు.

"ఎంతసేపు పట్టింది?"

"టీ తాగేలోపు అయిపోయింది భంతే."

భంతే కాస్త దగ్గరికి జరిగారు. "అతను నీ దగ్గరికి తాపీతో వచ్చిన రోజు పెట్టు. అప్పటి గీతలు ఉన్నాయా?"

ఉన్నాయి. సుమేధ్ ఏ రోజు ప్లాను ఆ రోజు విడిగా దాచి పెట్టుకునేవాడు. తెరిచాడు.

"ఇప్పుడు ఆ టీ తాగేలోపు చేసింది, ఇక్కడ చెయ్యి."

సుమేధ్ వేళ్ళు ఆగాయి. అతనికి లెక్క తెలిసిపోయింది. అయినా భంతే చూస్తున్నారు. జీవరత్నానికి నాలుగు రోజుల సెలవు రాశాడు. పైకప్పు వెనక్కి జరిపాడు. వరండా ముందుకి తెచ్చాడు. ఇద్దరు తాపీ వాళ్ళని గోడలకి పెట్టాడు. కరెంటు పనిని రెండు ముక్కలు చేశాడు. గీతలు కిందికీ పైకీ సర్దుకున్నాయి.

ఆఖరి గీత ఉన్నచోటే ఉంది.

భంతే కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని ఆ గీతను చూశారు. మూల నుంచి కారుతున్న నీళ్ళు చాప దాకా వచ్చాయి. సుమేధ్ లేచి చాప జరపబోతే వద్దన్నట్టు చెయ్యి ఊపారు.

"ఆమె పోయాక దొరికిన నాలుగు రోజులు, ముందు ఎందుకు దొరకలేదు భంతే?" అన్నాడు సుమేధ్. ఆ ప్రశ్న భంతే అడుగుతారని ఎదురుచూసి, అడగకపోతే తానే అడిగాడు.

"నువ్వు వెతకలేదు," అన్నారు భంతే.

వాన కొంచెం తెరిపి ఇచ్చింది. హాల్లో కుర్ర భిక్షువులు వర్షావాసం మాటలు పలకడం వినిపించింది. భంతే కూడా చేతులు జోడించి, ఈ మూడు నెలలూ ఇక్కడే ఉంటానని పాళీలో మూడుసార్లు అన్నారు. తర్వాత కళ్ళు తెరవకుండానే చెప్పారు.

"ఇక ఈ చోటు వదిలి కదలకూడదు. కానీ తల్లికి జబ్బు చేస్తే ఏడు రోజులు వెళ్ళిరావచ్చునని బుద్ధుడు చెప్పాడు. కబురు రాకపోయినా వెళ్ళొచ్చు."

సుమేధ్ ల్యాప్‌టాప్ మూశాడు. భంతే పాదాలకి మొక్కి బయటికి వచ్చాడు. భోజనాల దగ్గర బిల్డరు చెయ్యి ఊపి పిలుస్తున్నాడు. సుమేధ్ అటు వెళ్ళలేదు. బురదలో నడిచి రోడ్డెక్కాడు.

జీవరత్నం ఊరి పేరు తెలుసు. ఇల్లు తెలియదు, అడిగితే చెబుతారు. ఆ ఇంటి గుమ్మంలో ముందు ఏ మాట అనాలో, దాని తర్వాత ఏది అనాలో అతనికి తోచలేదు. తలుపు తీస్తారన్న నమ్మకం కూడా లేదు.

వినుకొండ బస్సు మలుపు తిరిగింది. సుమేధ్ చెయ్యెత్తాడు.