గానుగెద్దు కళ్లు

అనగా అనగా అంటే మీకు వెంటనే రాజుగారు గుర్తొస్తారు. ఉండండి, ఆయన తర్వాత వస్తాడు. ఈ కథలో ముందొచ్చేది ఒక ఎద్దు.

రంగవరం అనే పట్నంలో మల్లోజు అనే చిత్రకారుడు ఉండేవాడు. గుడ్డ మీద చింతగింజల జిగురూ సుద్దా పూసి, ఆరబెట్టి, దాని మీద పటాలు రాయడం ఆయన విద్య. ఆయన దగ్గర పదిమంది శిష్యులు. అందరిలోకీ చెయ్యి తిరిగినవాడు కేతన. వాడు చింతబొగ్గుతో గోడ మీద కాకిని గీస్తే, దారిన పోయేవాళ్లు ఉష్ ఉష్ అని తోలేవాళ్లు.

ఒకనాడు గురువుగారు శిష్యులందర్నీ కూర్చోబెట్టి చెప్పాడు.

"ఏడాది గడువిస్తున్నాను. తలా ఒక ప్రాణిని ఎంచుకోండి. దాన్నే చూసి మూడు పటాలు రాయండి. మన ఆచారం మరవకండి. కళ్లు ఆఖరున పెట్టాలి. పెట్టేముందు ఆ ప్రాణి కళ్లలోకి ఒక్కసారి చూసి రావాలి. చూడకుండా పెట్టిన కళ్లు గుడ్డివిరా నాయనా!"

మిగతావాళ్లు నెమళ్ల వెంటా లేళ్ల వెంటా పడ్డారు. కేతన మాత్రం వీధులన్నీ తిరిగి తిరిగి గానుగ మాచయ్య పాక ముందు ఆగాడు. లోపల బొల్లిగాడనే ముసలి ఎద్దు గానుగ తిప్పుతోంది. మెడ మీద కాడి, కళ్లకు రాత్రిపూటైనా విప్పని గంతలు. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా ఆ రోలు చుట్టూ తిరగడమే దాని బతుకు.

మాచయ్య దానికి రోజూ ఒకటే మాట చెప్పేవాడు. "నడవరా బొల్లిగా, ఇంకొంచెం దూరమే. ఏటిగట్టు వచ్చేస్తుంది. పచ్చిక మేద్దువుగాని, నీళ్లు తాగుదువుగాని."

పదకొండేళ్లుగా ఆ మాట నమ్మి అది నడుస్తూనే ఉంది.

కేతన గుండె కరిగిపోయింది. కళ్లనిండా నీళ్లు తిరిగాయి. పిల్లలూ, ఆ నీళ్లు మాత్రం అబద్ధం కాదు. వాడు చెడ్డవాడని నేను ఎక్కడా అనలేదు. కళ్లు తుడుచుకుని బొగ్గు తీశాడు, అంతే.

మొదటి పటానికి దాని మెడ గీయడం మొదలుపెట్టాడు. కాడి రాపిడికి మెడ మీద అరచేయంత పుండు పడింది. ఆ ఎరుపు చూసి కేతన పరవశించిపోయాడు.

"అబ్బాయీ," అంది ఎద్దు. ఆ కాలంలో ఎద్దులకు మాటలొచ్చు. చెప్పి చెప్పి విసిగి తర్వాత మానేశాయి. "ఎవరో నా పక్కన కూర్చున్నట్టున్నారు. మెడ మండిపోతోంది. కాడి కింద ఒక గుడ్డపేలిక పెట్టమని మా మాచయ్యతో చెప్పవూ?"

కేతన చెబుదామనే లేచాడు. లేచి ఆగాడు. పేలిక వేస్తే పుండు కనబడదే! మానిందంటే ఆ ఎరుపే ఉండదు.

"పటం అవ్వనీ, చెబుతాను," అన్నాడు.

భూమిని మోస్తూ తల వంచుకున్న ఎద్దును రాశాడు. పుండు ఉన్నచోట ఎర్రతామరల దండ వేశాడు. తల వంచింది కాబట్టి కళ్లు పెట్టే పనే లేకపోయింది. ఊరు ఊరంతా వచ్చి చూసి ఆహా అంది. ఆ సంబరంలో పేలిక సంగతి వాడికి గుర్తే లేదు.

రెండో పటానికి దాని కాళ్లు గీయడానికి కూర్చున్నాడు. నేల మీద మోకాటి లోతున గాడి పడింది. గిట్టల కింద లేచే దుమ్ము మీద ఎండ పడి బంగారంలా మెరుస్తోంది.

"అబ్బాయీ, నువ్వేనా?" అంది ఎద్దు. "కాళ్లు లాగేస్తున్నాయి. ఒక్కపూట విప్పించు నాయనా. ఒక్క పూటే."

విప్పితే దుమ్మెలా లేస్తుంది? మీరే చెప్పండి!

"పటం అవ్వనీ," అన్నాడు కేతన.

ఈసారి సూర్యుణ్ణి ఆకాశంలో లాక్కుపోయే ఎద్దును వెనకనుంచి రాశాడు. బంగారు దుమ్ములో అది ఎగిరిపోతున్నట్టుంది. వెనకనుంచి రాసినందువల్ల దానికీ కళ్లు లేవు. మంత్రిగారు ఆ పటాన్ని స్వయంగా కోటకు పట్టుకుపోయాడు. రాజుగారు వెంటనే కబురంపాడు. "మా కొలువుకూటానికి నందీశ్వరుడి పటం కావాలి. ఎదురుగా నిలబడి మమ్మల్ని చూస్తున్నట్టు ఉండాలి. నచ్చితే ఒక్క కోరిక తీరుస్తాం."

కేతన మూడోసారి పాకకు వెళ్లాడు. ఎద్దు ఒగరుస్తూ నడుస్తోంది.

"అబ్బాయీ, రాజుగారు నీ కోరిక తీరుస్తారట కదా, మా మాచయ్య అంటుంటే విన్నాను. నన్ను విడిపించమని అడుగు. ఏటిగట్టు దగ్గరకు వచ్చేసే ఉంటాను. ఇంక నడవలేను."

"ఒట్టు," అన్నాడు కేతన. "ఈసారి తప్పకుండా అడుగుతాను." అడుగుదామనే అనుకున్నాడు కూడా.

నంది పటం కళ్లు తప్ప అంతా పూర్తయింది. కొలువులో విప్పి చూపగానే సభ సభంతా లేచి నిలబడింది. రాజుగారు సింహాసనం దిగి వచ్చాడు.

"ఇంత తేజస్సున్న ఎద్దును ఎక్కడ చూశావయ్యా?"

గానుగ పాకలో అంటే బాగుంటుందా? అంతమంది పెద్దల ఎదుట?

"నా ఊహలో, ప్రభూ," అన్నాడు కేతన.

"భళా! ఏం కావాలో కోరుకో."

గొంతుదాకా వచ్చింది ఎద్దు పేరు. సరిగ్గా అప్పుడే వాడి కంటికి సింహాసనం పక్కన ఖాళీగా ఉన్న ఆస్థాన చిత్రకారుడి పీట కనబడింది. ఏం చేస్తాం! కోరిక ఒక్కటే కదా.

"ఆ పీట ఇప్పించండి, ప్రభూ."

"ఇచ్చాం. రేపు కొలువులో కళ్లు పెట్టి, దాని మీద కూర్చో."

మర్నాడు పొద్దున్నే ఆచారం గుర్తొచ్చింది. ఏడాదిగా గీస్తున్నాడు, ఆ ఎద్దు కళ్లు ఒక్కసారీ చూడలేదు! పాకకు పరుగెత్తాడు.

గానుగ ఆగిపోయి ఉంది. బొల్లిగాడు కాడితో సహా కూలబడి ఉంది. మాచయ్య దాని తల ఒళ్లో పెట్టుకుని వలవలా ఏడుస్తున్నాడు. కేతన గంతలు విప్పాడు.

ఎద్దు కళ్లు తెరిచింది. పెద్ద కళ్లు, నల్లనివి, పదకొండేళ్లుగా వెలుతురు ఎరగనివి.

"ఏటిగట్టు వచ్చిందా?" అంది. తల కొంచెం ఎత్తి చూసింది. రోలు చూసింది. రోలు చుట్టూ గాడి చూసింది. తను బయల్దేరిన గుంజ చూసింది.

"ఇక్కడేనా?" అంది.

అంతే. ఎత్తిన తల మాచయ్య ఒళ్లో వాలిపోయింది. ప్రాణం పోయింది.

మాచయ్య తలెత్తాడు. "రాజుగారితో ఒక్క మాట అని ఇంకో ఎద్దు ఇప్పించి ఉంటే, దీన్ని ఏనాడో విప్పేద్దును కదా బాబూ. నాకు మాత్రం జాలి లేదనుకున్నావా? దీని మీదే కదా నా పిల్లలు తిన్నది. నీకు నోరుంది, కోటలోకి దారుంది. నాకేముంది?"

కేతన కొలువుకు వెళ్లాడు. కుంచె ముంచి, చూసిన కళ్లు చూసినట్టే పెట్టాడు. సభ చప్పబడిపోయింది. రాజుగారు కాసేపు చూసి మొహం తిప్పుకున్నాడు.

"ఏమిటా చూపు? మమ్మల్ని ఏదో అడుగుతున్నట్టుంది. మాకు వద్దు. నవ్వే కళ్లు పెట్టు."

అక్కడైనా కుంచె కింద పెట్టవచ్చు. పీట వద్దని వెళ్లిపోవచ్చు. సిగ్గులేనివాడు, పెట్టలేదు, వెళ్లలేదు. సుద్ద పూసి ఆ కళ్లు మూసేశాడు. వాటి మీద నవ్వే కళ్లు రాశాడు. సభ చప్పట్లు కొట్టింది.

ఆ పటం రాజుగారికి ఎంత నచ్చిందంటే, ఏడాదికొకటి అలాంటిదే రాయమన్నాడు. అదే నంది, అవే తామరలు, అదే నవ్వు. "ప్రభూ, ఏటి నీళ్లు రాస్తాను, జాలరి పిల్లల్ని రాస్తాను," అని కేతన అడిగినప్పుడల్లా రాజుగారు భుజం తట్టేవాడు. "ఇంకొక్కటి రాయవయ్యా. తర్వాత నీ ఇష్టం."

ఇరవై రెండేళ్లు గడిచాయి. ఒకరోజు ముసలి మల్లోజు కర్ర పట్టుకుని శిష్యుణ్ణి చూడవచ్చాడు. కేతన ఇరవై మూడో నంది ముందు వంగి కూర్చుని ఉన్నాడు. మెడ వంగిపోయింది, జుట్టు నెరిసింది.

"గురువుగారూ," అన్నాడు తలెత్తకుండానే, "మీ దగ్గర బయల్దేరాను కదా. ఎంత దూరం వచ్చానంటారు?"

మల్లోజు వాడి గడ్డం పట్టుకుని మెల్లగా గోడవైపు తిప్పాడు. గోడ మీద ఇరవై రెండు నందులు వరసగా నవ్వుతున్నాయి.

కేతన ఆ చివరనుంచి ఈ చివరదాకా చూశాడు. చూసి, చిన్న గొంతుతో అన్నాడు.

"ఇక్కడేనా?"

పిల్లలూ, ఎవరి పుండు చూసి మీరు పువ్వు రాస్తారో, ముందు వాళ్ల మెడ మీది కాడి దించండి. పటం తర్వాతైనా రాసుకోవచ్చు.