రెండు ముక్కల రోస్టు

డోర్నకల్ జంక్షన్ రైల్వే కాలనీలో జకర్యా అనే ఇంజన్ డ్రైవరు ఉండేవాడు. బండి నడపడంలో అంత నిజాయితీపరుడు ఆ లైనులోనే లేడు గానీ, తిండి దగ్గరికి వచ్చేసరికి తనకు తానే అబద్ధాలు చెప్పుకునేవాడు.

ముప్పై ఏళ్ల సర్వీసులో అతను ఒక్క ఎర్ర సిగ్నల్ దాటలేదు. బండి రెండు నిమిషాలు ఆలస్యమైతే రెండు నిమిషాలనే రాసేవాడు, ఒకటిన్నర అని రాసేవాడు కాదు. ఇంట్లో మాత్రం ఎనిమిది గారెలు తిని "ఏదో రుచి చూశాను" అనేవాడు. మూతి తుడుచుకుంటూ ఆ మాట తనే నమ్మేసేవాడు కూడా.

అన్నింటికన్నా అతని ప్రాణం రోస్టు మీద ఉండేది. జకర్యా తండ్రి ఒకప్పుడు డ్రైవర్లు బస చేసే రైల్వే రన్నింగ్ రూమ్‌లో వంటమనిషిగా చేశాడు. దొర డ్రైవర్ల దగ్గర నేర్చుకున్న, గొడ్డుమాంసంతో చేసే పెద్దకూర రోస్టును, దాన్ని కోసే పొడుగాటి కత్తిని కొడుక్కి ఆస్తిగా ఇచ్చిపోయాడు. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. రోస్టు వండేది ఆడవాళ్లు, కత్తి పట్టేది ఇంటి యజమాని. జకర్యా భార్య సలోమి శనివారం సాయంత్రమే తొడకండ ముక్కకు అల్లం, వెల్లుల్లి, మిరియాలు, వెనిగర్ పట్టించి ఉంచేది. ఆదివారం తెల్లవారగానే మందపాటి గిన్నెలో సన్నని సెగ మీద పెట్టేది. చర్చి ఆరాధనకు గుడికి వెళ్లే వేళకు ఆ వాసన నాలుగు క్వార్టర్ల దాకా పాకేది.

ఒకసారి మోకాళ్ల నొప్పులు పుడితే జకర్యా రైల్వే డాక్టరు దగ్గరికి వెళ్లాడు. డాక్టరు అతన్ని త్రాసు ఎక్కించాడు. తొంభై నాలుగు కిలోలు. రక్తంలో షుగరు కూడా గీత దాటడానికి సిద్ధంగా ఉంది.

"జకర్యా గారూ, మూడు నెలల్లో మీకు మెడికల్ పరీక్ష ఉంది" అన్నాడు డాక్టరు. "ఎనభై ఆరుకు దిగి రండి. ఇలాగే వస్తే మిమ్మల్ని ఇంజన్ ఎక్కనివ్వను. ఆఫీసులో కుర్చీ వేస్తారు."

కుర్చీ! పట్టాలు కళ్ల ముందు పరుచుకోకుండా జకర్యా ఒక్క వారం కూడా బతకలేడు. ఆ సంగతి అందరికన్నా సలోమికి బాగా తెలుసు. ఆమె ఆ సాయంత్రమే అతన్ని మార్తమ్మ దగ్గరికి తీసుకెళ్లింది.

మార్తమ్మ కువైట్‌లో ఇరవై ఏళ్లు నర్సుగా చేసి వచ్చిన పెద్దావిడ. గుడి పక్క హాల్లో ప్రతి శనివారం పదిమందిని కూర్చోబెట్టి పాయింట్ల పద్ధతి నేర్పేది. అన్నం కప్పుకు ఐదు పాయింట్లు, ఇడ్లీకి రెండు, చెంచా నూనెకు ఒకటి. కూరగాయలకు ఏమీ లేవు. రోజు మొత్తం మీద ఇరవై ఆరు దాటకూడదు. తిన్నదల్లా పుస్తకంలో రాయాలి. వారం వారం త్రాసు ఎక్కాలి.

జకర్యా అంతా విని, భయం భయంగా అడిగాడు. "అక్కా, మరి రోస్టు? మానేయాలా?"

"ఎందుకు మానాలి బాబూ? కొవ్వు తీసేసిన తొడకండ మంచిదే. ఒక ముక్కకు మూడు పాయింట్లు. రెండు ముక్కలు తిను, ఆరు రాసుకో. బీన్సు, క్యారెట్ ఎక్కువ పెట్టుకో. కడుపు నిండుతుంది."

జకర్యాకు పోయిన ప్రాణం లేచివచ్చింది. "ఇంత సులువా!" అనుకుంటూ ఇంటికి వెళ్లాడు.

పుస్తకం రాసే పని సలోమి తీసుకుంది. ఆమె అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. అతను చెప్పేవాడు, ఆమె రాసేది. మొదటి వారం జకర్యా ఒక కిలో తగ్గాడు. హాల్లో అందరూ చప్పట్లు కొట్టారు.

రెండో ఆదివారం వచ్చింది. ఆరాధన కాగానే సలోమి పిల్లలకు సండే స్కూలు చెప్పడానికి గుడిలోనే ఉండిపోయేది, ఒంటిగంటకు గానీ వచ్చేది కాదు. జకర్యా ఒక్కడే ఇంటికి వచ్చి కత్తి తీశాడు. కడుపులో ఎలుకలు పరుగెత్తుతున్నాయి. మాంసం మీద కత్తి ఆనించాడు. అక్కడే అతనికి ఒక ఆలోచన తట్టింది. 'రెండు ముక్కలన్నది కదా అక్క. ముక్క ఎంత మందం ఉండాలో చెప్పలేదు.' కత్తి వేలెడు ఇవతలికి జరిగింది.

సలోమి కోసం మాత్రం అతను ఎప్పటిలాగే పలచగా, ముచ్చటగా కోసి, పళ్లెం మీద మూత పెట్టి ఉంచాడు. అందులో కపటం లేదు. భార్యకు అందంగా కోసి పెట్టడం అతనికి అలవాటు, అంతే.

"ఎన్ని తిన్నారు?" అని అడిగింది సలోమి వచ్చాక, పుస్తకం తెరిచి.

"రెండు ముక్కలు. ఆరు పాయింట్లు."

ఆమె తన పళ్లెంలోని పలచటి ముక్కలు చూసింది. సంతోషంగా ఆరు అని రాసింది.

మూడో ఆదివారానికి ముక్క ఇంకాస్త లావెక్కింది. నాలుగో ఆదివారానికి ఇటుకలో సగం అయింది. రాత్రికి సలోమి కంటపడకుండా రెండు, సోమవారం తనే కట్టుకున్న డ్యూటీ క్యారేజీలో రెండు. ఎప్పుడడిగినా "రెండు ముక్కలే" అనేవాడు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడం అంటే ఇదే.

"రెండు కిలోలు వండితే ఇంతే మిగిలిందేమిటండీ?" అని ఒకసారి అడిగింది సలోమి.

"మాంసం కదే. ఉడికితే కుంచించుకుపోతుంది" అన్నాడు జకర్యా. అమాయకురాలు మాంసం కొట్టుకు వెళ్లి, నీళ్లు పట్టిన మాంసం ఇస్తున్నావని కొట్టతన్ని నాలుగు దులిపి వచ్చింది.

ఆరు వారాలు గడిచాయి. త్రాసు తొంభై మూడున్నర దగ్గర మేకు కొట్టినట్టు నిలబడింది. మార్తమ్మ కళ్లజోడు సర్దుకుని పుస్తకం మొత్తం తిరగేసింది. ఒక్క రోజు కూడా ఇరవై ఆరు దాటలేదు. ఆమె ముఖంలో నవ్వు పోయింది.

"సలోమీ, ఈ లెక్క ప్రకారం మనిషి ఈపాటికి నాలుగు కిలోలు తగ్గాలి. తగ్గలేదంటే లోపల ఏదో జబ్బుంది. పరీక్షలు చేయించండి."

నిజం చెప్పడానికి అదే సమయం. జకర్యా నోరు తెరిచాడు. పక్కన పదిమంది ఉన్నారు. నోరు మూసేశాడు.

రక్తం తీశారు. థైరాయిడ్ బాగుందన్నారు, కిడ్నీలు బాగున్నాయన్నారు. అన్నీ బాగుంటే సలోమికి భయం పెరిగింది. పేరు తెలియని జబ్బయితే మందేది? ఆమె సరిగా నిద్రపోవడం మానేసింది. ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరిచి కూర్చునేది. జకర్యా అదంతా చూశాడు. 'రేపటి నుంచి పలచగా కోస్తాను, అప్పుడు తగ్గుతాను, ఎవరికీ ఏమీ తెలియదు' అనుకున్నాడు. ఆ రేపు మాత్రం రాలేదు.

తరువాతి ఆదివారం గుడిలో ప్రార్థన మనవులు చదివే వేళ అయింది. కష్టంలో ఉన్నవాళ్లు చీటీ రాసి ఇస్తే పాస్టరు చదువుతాడు, అందరూ వాళ్ల కోసం ప్రార్థన చేస్తారు. పాస్టరు ఒక చీటీ విప్పాడు. ఆ ముత్యాల్లాంటి అక్షరాలను జకర్యా మూడో వరుసలోంచే గుర్తుపట్టాడు.

"మన సహోదరుడు జకర్యా గారికి డాక్టర్లకు అంతుచిక్కని జబ్బు వచ్చింది. ఆయనకు స్వస్థత కలిగే వరకు నేను మాంసం ముట్టనని దేవునికి మొక్కుకున్నాను. రెండు వారాలుగా ఆయన నాకోసం కోసి ఉంచిన రోస్టు పక్కింటి పిల్లలకు పెడుతున్నాను. దయచేసి అందరూ ప్రార్థించండి. ఇట్లు, సలోమి."

గుడి అంతా మోకరించింది. ముసలివాళ్లు నొప్పి మోకాళ్లను కూడదీసుకుని మరీ మోకరించారు. ఆడవాళ్ల వైపు నుంచి వెక్కిళ్లు వినిపించాయి. అవి ఎవరివో జకర్యాకు తెలుసు. ఇక ఉండలేకపోయాడు. లేచి నిలబడ్డాడు.

"అయ్యగారూ, ఆ ప్రార్థన ఆపండి!"

అందరూ తలలెత్తారు.

"నాకు ఏ జబ్బూ లేదు" అన్నాడు జకర్యా. "రెండు ముక్కలన్నది నిజమే. కానీ ఒక్కొక్కటి ఇంత లావున కోసుకున్నాను." నాలుగు వేళ్లు ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించాడు. "నా తిండి దాచుకోవడానికి మిమ్మల్నందరినీ మోకాళ్ల మీద నిలబెట్టాను. నా భార్యను ఏడిపించాను. క్షమించండి."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మార్తమ్మ వాళ్ల వైపు ఒక్క చూపు చూసింది. నవ్వు ఆగిపోయింది. "ఈ మాట ఇంతమందిలో చెప్పడం చిన్న పని కాదు. కూర్చో బాబూ" అంది ఆవిడ.

ఇంట్లోకి వచ్చాక సలోమి గిన్నె మూత తీసి, బల్ల మీద పెట్టి, కత్తి అతని ముందుకు జరిపింది.

"కోయండి. మీకోసం ప్రతివారం ఎలా కోస్తారో అలాగే కోయండి."

జకర్యా తల దించుకుని కోశాడు. అప్పటికే వెనక నుంచి మార్తమ్మ వంటింటి త్రాసు చంకన పెట్టుకుని వచ్చింది. ఒక పళ్లెంలో అతని ముక్క ఒకటి పెట్టారు. సలోమికి కోసే ముక్కలు నాలుగు తూస్తే గానీ దానికి సరిపోలేదు.

"ముక్కకు పన్నెండు పాయింట్లన్నమాట" అంది మార్తమ్మ. "రెండు తింటే ఇరవై నాలుగు. రోజంతా తినాల్సింది దాదాపు ఒక్క రోస్టులోనే అయిపోయింది. సరే గానీ బాబూ, బండి ఎనభైలో పోతుంటే నువ్వు ఇరవై అని రాస్తావా?"

"ఛ, ఛ! రాయనక్కా. అందులో జనం ఉంటారు."

"మరి ఈ బండిలో ఎవరూ లేరనుకున్నావా?" అని ఆవిడ సలోమి వైపు చూపించింది.

జకర్యా భార్య వైపు తిరిగాడు. సలోమి కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఆకలేస్తే నాతో చెప్పకూడదా?" అంది ఆమె. "ఇంకో ముక్క తిన్నానంటే కొడతానా, తిడతానా? మీరు పోతారేమోనని ఎంత భయపడ్డానో తెలుసా?"

"నీ దగ్గర చులకనైపోతానని..." అన్నాడు జకర్యా. ఆ మాట పూర్తి కాకుండానే అతనికి ఏడుపొచ్చింది. అతను ఏడుస్తుంటే ఆమె కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. పలచగా కోసిన ముక్కలు రెండు అతని పళ్లెంలో వేసి, బీన్సు, క్యారెట్ గుట్టగా వడ్డించింది. తరువాత తన పళ్లెంలోనూ రెండు వేసుకుంది.

"మొక్కుకున్నావు కదే?" అన్నాడు జకర్యా.

"మీకు స్వస్థత కలిగింది కదా" అంది సలోమి.

ఆ రోజు నుంచి రోస్టు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. సలోమి కొవ్వు పూర్తిగా తీసి, చెంచాడు నూనెతోనే వండింది. ఆదివారం అన్నం సగం కప్పే తిని, ఆ పాయింట్లతో జకర్యా మూడో ముక్క వేసుకునేవాడు. పుస్తకం ఇప్పుడు తనే రాసేవాడు. కోడిగీతల్లాంటి అక్షరాలతో ఒక పేజీలో ఇలా ఉండేది: 'రోస్టు మూడు ముక్కలు, తొమ్మిది. గిన్నె దగ్గర నిలబడి తిన్న ఇంకొకటి, మూడు. ఆగలేకపోయాను.'

పరీక్ష రోజున త్రాసు ఎనభై ఎనిమిది చూపించింది. షుగరు దారికి వచ్చింది గానీ, రెండు కిలోలు మిగిలాయి. డాక్టరు పుస్తకం మొత్తం చదివాడు. ఆగలేకపోయాను అన్న చోట చిన్నగా నవ్వాడు.

"మరో నెల గడువిస్తున్నాను. అంతవరకు ఇంజన్ ఎక్కకూడదు."

ఆ నెల జకర్యా ఆఫీసులో కుర్చీ మీద కూర్చున్నాడు. కిటికీ అవతల ప్రతి బండీ అతన్ని వదిలేసి వెళ్లినట్టే ఉండేది. దొంగ ముక్కలు తిన్న ఆరు వారాలు సవ్యంగా లెక్క రాసి ఉంటే ఈ నెల వచ్చేదే కాదని అతనికి తెలుసు. ఎవరి మీదా విసుక్కోలేదు.

నెల తిరిగేసరికి ఎనభై ఆరుకు దిగాడు. డ్యూటీ ఎక్కే రోజున సలోమి క్యారేజీ కట్టి స్టేషన్ దాకా వచ్చింది. జకర్యా ఇంజన్‌లో కూర్చుని క్యారేజీ మూత తీసి చూశాడు. గుట్టెడు బీన్సు మీద రోస్టు ముక్కలు రెండు, వెలుతురుకు పట్టి చూస్తే అవతలిది కనిపించేంత పలచగా ఉన్నాయి. కత్తి ఆ రోజు సలోమి పట్టింది. ఆ ముక్కల కింద, అతను అడగకుండానే, మూడోది కూడా పెట్టింది. మూత మీద అంటించిన చీటీలో తొమ్మిది అని రాసి ఉంది.

నీతి: మనల్ని మనం మోసం చేసుకుంటే పోయేది మనదే అనుకుంటాం, కానీ ఆ అబద్ధం బరువు మనల్ని నమ్మినవాళ్లే మోస్తారు.