ఖాళీ బండి పరీక్ష

లక్షా ఎనభై వేలు పెట్టి పాత ట్రక్కు కొనుక్కున్న సత్తిపండు, భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్న ఒక ఊళ్లో ఉండేవాడు. నోటి లెక్కల్లో దిట్టే కానీ, పని సగం కుదరగానే మొత్తం కుదిరిందనుకునేవాడు.

వానాకాలంలో చెరువుగట్ల బురదలోకి ఏ బండీ వచ్చేది కాదు. రొయ్యలను కూలీలు రోడ్డుదాకా మోసేసరికి సరుకు మెత్తబడి ధర పడిపోయేది. గట్టు మీదికే బండి తెస్తే ఎన్ని బాడుగలు దొరుకుతాయో సత్తిపండు నిలబడిన చోటే లెక్క తేల్చాడు. మెకానిక్ చేత ట్రక్కును జానెడు ఎత్తు లేపించి, లోతు గాడులున్న పెద్ద టైర్లు వేయించాడు. మోకాలి లోతు బురదలో అటూ ఇటూ నడిపి చూపిస్తే ఊరంతా మెచ్చుకుంది.

చెరువు కౌలుకు చేసే మంగతాయారు మాత్రం, "బరువేసి నడిపావా తమ్ముడూ?" అని అడిగింది.

"లెక్కేశానక్కా. ఏనుగునెక్కించినా లాగుతుంది."

"నేనెక్కించేది ఏనుగుని కాదు, మా ఏడాది కూడు" అంది ఆమె. అయినా వేరే బండి దొరక్క, చెరువులో రొయ్యలు పట్టే రోజున సరుకు అతనికే అప్పగించింది.

ఆ ఉదయం ముసురు పట్టింది. ఐసు వేసిన రొయ్యల ట్రేలను బండి నిండా పేర్చారు. ఎత్తు పెరిగిన బండి, పైన బరువు పడేసరికి ఊగడం మొదలుపెట్టింది. గట్టు మధ్యలో ఒక చక్రం దిగబడి, ట్రక్కు మెల్లగా చెరువు వైపు ఒరిగింది. గట్టిగా తొక్కితే బయటపడవచ్చు. జారితే పంటంతా నీళ్లపాలు. అందరూ చూస్తున్నారు. సత్తిపండు కాలు యాక్సిలరేటర్ దాకా వెళ్లి ఆగింది. ఇంజను ఆపి దిగాడు.

"అక్కా, నేను ఖాళీ బండే నడిపి చూశాను. నా లెక్క తప్పింది. పై ట్రేలు దింపించండి."

"మునగకముందే చెప్పావు, అదే పదివేలు" అంటూ మంగతాయారు తనే మొదటి ట్రే అందుకుంది.

కూలీలు వరుసగా నిలబడి ట్రేలు చేతులు మార్చారు. సత్తిపండు టైర్లలో గాలి కొంత తీసేశాడు. వెడల్పుగా పరుచుకున్న టైర్లు బురదను పట్టుకున్నాయి. తేలికపడిన బండి నిదానంగా పైకి లేచింది. సరుకు రెండు విడతల్లో రోడ్డెక్కింది. కొనేవాళ్ల మనిషి ట్రేలో చెయ్యి పెట్టి, ఐసు ఇంకా ఉందని తలూపాడు. మంగతాయారు రోడ్డు పక్కనే కూలబడి హమ్మయ్య అనుకుంది.

"టీ చెప్పు తమ్ముడూ. ఇవాళ టీ డబ్బులు నువ్వే ఇవ్వాలి" అంది నవ్వుతూ.

మర్నాడు సత్తిపండు బండి ఎత్తును సగానికి తగ్గించాడు. రొయ్యల బరువుకు సరిపడా ఇసుక బస్తాలు ఎక్కించి, గేరు వేసి, గట్టు వైపు స్టీరింగు తిప్పాడు.

మనం చేసిన ఏర్పాటు గట్టిదో కాదో నలుగురి మెప్పు చెప్పదు, అది మోయాల్సిన బరువే చెబుతుంది. ఆ బరువు వేసి చూశాకే ఇంకొకరి కష్టాన్ని దాని మీదికి ఎక్కించాలి.